మా బర్రె పేడ, వాళ్ళ పొయ్యి

మొన్న ఊరికి వెళ్ళినప్పుడు చిన్నమ్మ వంటింట్లో మా అమ్మ గ్లాసు కనిపించింది. అది అమ్మదేనని ఎవరూ చెప్పనక్కర్లేదు. అంచు కింద చుక్కలు చుక్కలుగా 'కె. దీనమ్మ' అని కొట్టి ఉంది. భద్రాచలంలో స్టీలు సామాను కొన్నప్పుడల్లా కొట్టు వాకిట్లోనే నిలబడి, పేరు కొట్టించుకుని గానీ అమ్మ కదిలేది కాదు. పేరు లేని గిన్నె ఊరందరిదీ అనేది. అంత పట్టింపు ఉన్న మనిషి గ్లాసు గోడకవతలి ఇంట్లో, చిన్నమ్మ పొయ్యి గట్టు మీద, కడిగి బోర్లించి ఉంది. అమ్మ పోయి ఏడాది దాటింది. నేను వెళ్ళింది సమాధి రాయి వేయించే పని మీద. రాయి మీద ఏం రాయించాలో మాట్లాడదామని చిన్నమ్మ ఇంట్లోకి అడుగుపెట్టి, ఆ గ్లాసు దగ్గర ఆగిపోయాను. ముందుగా వచ్చింది అసూయ. దుఃఖం తర్వాత తీరిగ్గా వచ్చింది.

ఎందుకంటే నాకు తెలిసిన మా అమ్మ ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు. ఆ పంతం వెనక పొలం తగాదా లేదు, బంగారం లేదు. ఉన్నదల్లా పేడ.

మా ఊరు సారపాక నుంచి పినపాక వైపు వెళ్ళే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. గాలి ఒక వైపు నుంచి వీస్తే కాగితం మిల్లు వాసన, ఇంకో వైపు నుంచి వీస్తే ఇప్పపూల వాసన. నాన్న మిల్లులో కాంట్రాక్టు కూలీ. వెదురు లారీలు దించి, సాయంత్రానికి చొక్కా నిండా వెదురు నూగుతో వచ్చేవాడు. ఆయన తమ్ముడు, మా చిన్నాన్న, మిర్చి వేసేవాడు. రెండిళ్ళకూ ఒకటే వాకిలి, మధ్యలో నడుమెత్తు గోడ. గోడకివతల మా అమ్మ, రెండు బర్రెలు, ఒక చింతచెట్టు. అవతల చిన్నమ్మ ఎస్తేరు, జత ఎడ్లు, ఒక ఆవు. అమ్మకు దీనమ్మ అని పేరు పెట్టారు గానీ దైన్యం ఆమె ఛాయలకు ఎన్నడూ రాలేదు.

అమ్మ వంటిల్లు తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్ళు మండుతాయి. కట్టెల పొయ్యి, పైన నల్లగా వేలాడే మసి, పక్కన ఊదే గొట్టం. ఎండాకాలం బాగానే గడిచేది. ముసురు పట్టిందంటే కట్టె తడిసి పొగ తప్ప మంట ఉండేది కాదు. అమ్మ గొట్టం ఊదీ ఊదీ, దగ్గీ దగ్గీ, చివరికి కొంగుతో ముఖం తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చి నిలబడేది. ఎర్రబడిన ఆ కళ్ళు చూసి కొత్తవాళ్ళు ఇంట్లో ఎవరో పోయారనుకునేవారు. ఆమె జీవితంలో నోరు తెరిచి కోరుకున్నది ఒక్కటే, పొగ లేని పొయ్యి. చీర గురించి అడగలేదు, గొలుసు గురించి అడగలేదు. "ఒక్క దినం కళ్ళు తెర్సుకొని అన్నం వండాలె నేను" అనేది.

అలాంటి రోజుల్లో గోబర్ గ్యాసు వాళ్ళు వచ్చారు. గుంత తవ్వి, గోడ కట్టి, అందులో పేడ నీళ్ళు నింపి, పైన ఇనప డ్రమ్ము బోర్లిస్తారట. గాలి ఆడని ఆ గుంతలో పేడ మురిగి గ్యాసు పుడుతుందట. గ్యాసు చేరేకొద్దీ డ్రమ్ము పైకి తేలుతుంది, వంట చేసేకొద్దీ కిందికి దిగుతుంది. సర్కారు కొంత భరిస్తుంది. కాకపోతే పశువులు చాలినన్ని ఉండాలి, గుంత మీద పొద్దంతా ఎండ పడాలి. రెండిళ్ళ పశువులు కలిపితే లెక్క సరిపోయింది. ఎండ దగ్గరే వచ్చింది చిక్కు. మా వైపు చింతచెట్టు నీడ. అమ్మ ఎంతో గొప్పగా చెప్పుకునే చెట్టు, ఏటా మా ఇంటికే కాక సగం ఊరికి పులుపు పెట్టే చెట్టు, ఆ రోజు ఆమెకు అడ్డం తిరిగింది.

నాన్న ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ మెల్లగా చెప్పాడు.

"వాళ్ళ దిక్కే కడతరంట. మన బర్రెల పెండ గూడ అండ్ల వెయ్యాలె. మాటిచ్చిన తమ్ముడికి. పైపు తర్వాత మనింటి దాక గుంజుకుందం."

"ఎందుకు వాళ్ళ దిక్కు?"

"ఎండ ఆడనే ఉన్నదంట. ఏం చేస్తం?"

"అవ్, ఎండ గూడ నీ తమ్ముడికే పంచిచ్చిపోయిండు మీ నాయిన" అంది అమ్మ, ఆయన కంచంలో పులుసు కొంచెం గట్టిగానే పోస్తూ.

గుంత మొదటిసారి నింపడానికి బండ్ల కొద్దీ పేడ కావాలి. అడవిలోపలి గూడెం నుంచి చిన్నాన్నకు తెలిసిన జోగయ్య రెండు బండ్లు తోలించాడు. వాళ్ళ గూడెంలో ఆవును పిండరు. పాలు దూడవి, మనిషివి కావంటారు. మంద రాత్రిళ్ళు దొడ్డిలో పడుకుంటుంది గనక పేడ మాత్రం గుట్టలు. జోగయ్య బండి విప్పి, చింతచెట్టు కింద కూర్చుని, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ కూడా వద్దని మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. అమ్మ ఆయన వెళ్ళినవైపే చూస్తూ, "పాలు పిండరు, పెండ అమ్మరు, అయినా నిమ్మళంగ ఉన్నరు సూడు. మనకే అన్నీ గావాలె" అంది. ఆ తర్వాత గోడవతల నిండుతున్న గుంత వైపు చూసి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో నిమ్మళం ఏమీ లేదు.

గ్యాసు వెలిగించిన రోజు చిన్నమ్మ అందరినీ టీకి పిలిచింది. అమ్మ తలనొప్పని ఉండిపోయి, నన్ను పంపింది. నేను తిరిగొచ్చేసరికి గడపలోనే నిలబడి ఉంది.

"మంట ఎట్లుంది?"

"నీలంగ ఉందమ్మా."

"పొగ?"

"అసలు లేదు."

"వాసన? పెండ వాసన రాలేదా?"

"రాలేదు."

అమ్మ లోపలికి వెళ్ళి గొట్టం అందుకుని ఊదడం మొదలుపెట్టింది. నాకూ కడుపు రగిలిపోయింది. నా అసూయకు వేరే కారణం ఉంది. మా ఇంట్లో మసి గిన్నెలు తోమేది నేను. బూడిదా కొబ్బరి పీచూ పెట్టి ఎంత రుద్దినా అడుగు తెల్లబడేది కాదు, నా గోళ్ళు మాత్రం నల్లబడేవి. చిన్నమ్మ గిన్నెలకు ఇక మసే లేదు. వాటిని కడిగి గోడ మీద ఎండకు బోర్లించేది, తళతళలాడే అడుగులు మా వైపు కనిపించేలా. కావాలనే బోర్లించేదని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

పైపు మా ఇంటి దాకా రాలేదు. ఆ ఏడు మిర్చి దెబ్బతిన్నదన్నారు, మరుసటి ఏడు పైపు అంత దూరం లాగితే మంట రాదన్నారు. అమ్మ మాత్రం నాన్న ఇచ్చిన మాట తప్పలేదు. తెల్లవారగానే బర్రెల కింద పేడ ఎత్తి, తట్టలో పెట్టుకుని, గోడ చివర సందులోంచి వెళ్ళి, గుంత పక్కనున్న తొట్టిలో వేసేది. అంతే నీళ్ళు పోసి, గడ్డిపోచలు ఏరేసి, చేత్తో జావలా కలిపి, తొట్టి అడుగున ఉన్న గుడ్డ పీకేది. పేడ బుడుంగున లోపలికి పోయేది. అమ్మ చేతులు కడుక్కుంటూ గోడవతలికి వినబడేలా అనేది, "పెండ మనది, పొయ్యి వాళ్ళది." ఆ మాట మా ఇంట్లో సామెత అయిపోయింది. నేను కష్టపడి రాసిన నోట్సు ఇంకెవరో చూసి రాసుకుని ఎక్కువ మార్కులు తెచ్చుకున్నా అదే మాట అనేదాన్ని.

పగలంతా ఆమె కళ్ళు ఆ డ్రమ్ము మీదే. పొద్దెక్కేకొద్దీ డ్రమ్ము లేచేది, దానితోపాటు చిన్నమ్మ గర్వమూ లేస్తున్నట్టు అమ్మ ముఖం ముడుచుకునేది. "సూడు, తిన్న పామోలె ఎట్ల ఉబ్బిందో" అనేది. చిన్నమ్మ పాపం ఒకటి రెండు సార్లు పిలిచింది కూడా. "అక్కా, పొద్దుమూకి నా వంట అయినంక నువ్వొచ్చి వండుకో. గ్యాసు ఉంటది." అమ్మ జవాబు సిద్ధంగా ఉండేది. "నా గిన్నెలు నెత్తిన పెట్టుకొని నీ ఇంటికి వచ్చేటంత గతి పట్టలేదు నాకు." అని, చిన్నమ్మ కిటికీకి ఎదురుగా ఉన్న మా గోడ నిండా పిడకలు కొట్టేది. తొట్టిలో వేయగా మిగిలిన కాస్త పేడనే ఆమె అంత గోడకూ ఎలా సర్దేదో నాకు ఆశ్చర్యం.

నేను ఇంటర్‌కి పినపాక దగ్గర ఒక హాస్టల్లో చేరాను. క్రిస్మస్‌కు ముందు ఇంటికొచ్చిన రోజుల్లో చిన్నమ్మ ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. ఎవరింటికి వెళ్ళకపోయినా ప్రార్థనకు వెళ్ళాలి గనక, గ్యాసు వచ్చాక అమ్మ మొట్టమొదటిసారి ఆ వంటింటి గడపలో నిలబడింది. పాటలు, వాక్యం అయ్యాక ఆడవాళ్ళంతా టీ కాచే పొయ్యి చూడ్డానికి గుమిగూడారు. చిన్నమ్మ కొత్త చీర కొంగు దోపుకుని, గుండీ తిప్పి, అగ్గిపుల్ల చూపింది. నీలం మంట బుస్సుమని లేచింది. అమ్మ నోట్లోంచి ఆమెకు తెలియకుండానే మాట జారిపోయింది. "అబ్బ, ఎంత మంచిగ మండుతున్నదే!"

అంతే అన్నది. వారం తిరక్కుండానే మంట పసుపుపచ్చగా మారింది, తర్వాత వణికింది, తర్వాత లేదు. డ్రమ్ము గుంత అడుక్కి కూర్చుంది, లేవలేదు. చలికి అలా అవుతుందని చిన్నాన్న గోనెసంచులు కప్పాడు. అయినా లేవలేదు. అప్పుడు చిన్నమ్మ బావి దగ్గర అన్నదట. "దిష్టి గిష్టి మనం నమ్మం, దేవుని బిడ్డలం. గానీ కళ్ళు అనేటివి ఉంటయి గదా." ఆ మాట సాయంత్రానికి మా ఇంటికి చేరింది. ఆదివారం చర్చిలో అమ్మ పక్కన కూర్చునే ఇద్దరు తమ పసిపిల్లలను ఇంకో వైపు తిప్పుకున్నారు. అసూయ ఉందంటే అమ్మ ఒప్పుకునేది, దాచుకునే రకం కాదు. కానీ చెడు కళ్ళ మనిషి అన్న పేరు పడితే మా ఊళ్ళో ఇక పెళ్ళికి పిలవరు, పురుడుకు పిలవరు. కొత్తగా ఈనిన బర్రెను కూడా చూపించరు. నాన్న ఏదో అనబోతే, "నా కళ్ళకు గంత బలమే ఉంటే కట్టెల పొయ్యి ఇన్నేండ్లు మండేదా?" అంది. అన్నాక ఏడ్చింది. ఆ ఏడుపు పొగది కాదు.

గ్యాసు లేకపోయినా అమ్మ పేడ వేయడం మానలేదు. ఒక పొద్దున తొట్టి మీద వంగి, ముక్కు ఎగబీల్చి, అలాగే ఉండిపోయింది. నన్ను పిలిచి వాసన చూడమంది. పేడ వాసన కింద ఇంకో వాసన ఉంది, దవాఖానా వాసన. చిన్నమ్మ వాళ్ళ పశువుల కొట్టంలోంచి మూత్రం, కడుగునీళ్ళు నేరుగా తొట్టిలోకి వచ్చేలా గుంత కట్టిన మేస్త్రి చిన్న కాలువ తీశాడు. ప్రార్థన రోజు పొద్దున సంఘం వాళ్ళ ముక్కులకు పేడ వాసన తగలకూడదని చిన్నమ్మ సారపాక నుంచి తెప్పించిన ఫినాయిలు డబ్బా మొత్తం కొట్టంలో గుమ్మరించి కడిగింది. అదంతా ఆ కాలువ వెంటే గుంతలోకి పోయింది. "సబ్బు గిన్నెల పాలు పోస్తే పెరుగు తోడుకుంటదా?" అంది అమ్మ. "దాని కడుపుల తోడు సచ్చిపోయింది."

ఇప్పుడే వెళ్ళి చిన్నమ్మకు చెబుదామని నేను లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఇప్పుడు జెప్తే కొట్లాట. మండిచ్చి జెప్పాలె."

హాస్టల్‌కి తిరిగి వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక ఆదివారం, మీ అమ్మ వచ్చిందని కబురు వస్తే మెట్లు దిగి పరుగెత్తాను. వంటశాల వెనక అమ్మ నిలబడి ఉంది, చేతిలో పెద్ద పాల క్యాను. అరిసెలు తెచ్చిందనుకున్నాను. క్యాను ఖాళీ. మా హాస్టల్‌కీ పశువులుండేవి, పెద్ద గోబర్ గ్యాసు గుంత ఉండేది. అమ్మ అక్కడికి వచ్చింది దాని మడ్డి కోసం. వంట చేసే మనెమ్మ నవ్వుతూ, "మొన్న గూడ వచ్చి పట్టుకపోయిందమ్మా మీ అమ్మ. నిన్ను కలవలేదా?" అంది. కలవలేదు. నా గది కిటికీ కింది నుంచే నడిచి వెళ్ళి ఉంటుంది. నేను బిక్కముఖం పెడితే, "నీకు సదువు ఉంటదని పిలవలే" అంది, మూత బిగిస్తూ. ఆ క్షణంలో చిన్నమ్మ మీదా, ఆ డ్రమ్ము మీదా, మూత కింద గుడగుడలాడుతున్న ఆ పేడనీళ్ళ మీదా నాకు పట్టలేనంత కుళ్ళు పుట్టింది.

బస్సు దాకా వెళ్ళాను. కండక్టరు ముక్కు మూసుకున్నాడు.

"ఏందమ్మా క్యాన్ల?"

"తోడు."

"ఏం తోడు? గీ వాసనేంది?"

"నీకు పెరుగు తోడే తెలుసు. జరుగు బిడ్డా, జల్దీ పోవాలె."

గుంతలోంచి పాత మడ్డి తోడి పొలంలో పోయించి, కొత్త పేడ నింపించి, ఆ తోడు మళ్ళీ మళ్ళీ తెచ్చి పోసింది. చిన్నాన్నకు పని మాత్రం చెప్పింది, సంగతి చెప్పలేదు. ఎండలు ముదిరాక ఒక పొద్దున డ్రమ్ము లేచింది. అమ్మ గోడ దగ్గర నిలబడి, బావి దగ్గరున్న వాళ్ళందరికీ వినబడేలా, "ఎస్తేరూ, నా కళ్ళు గాదే, నీ ఫినాయిలు!" అంది. చిన్నమ్మ లోపలికి వెళ్ళిపోయిందట. సెలవుల్లో ఈ కథ విని నేను గంతులేశాను. మేం గెలిచాం అనుకున్నాను.

ఆ గెలుపును నేను చాలా జాగ్రత్తగా దాచుకున్నాను. చదువు అయిపోయింది, ఖమ్మంలో ఉద్యోగం వచ్చింది. ఊరికి వెళ్ళినప్పుడల్లా చిన్నమ్మ ఇంటి గడప తొక్కలేదు, అమ్మ తరఫున. మొదటి జీతంతో అమ్మకు గ్యాసు పొయ్యి, సిలిండరు కొనిచ్చాను. ఎప్పుడు వెళ్ళినా అది కొత్తగా, గుడ్డ కప్పుకుని ఉండేది. పొదుపు చేస్తోందనుకుని మురిసిపోయాను. అమ్మ దగ్గర కూర్చుని చిన్నమ్మ నడకనూ, మాటనూ అనుకరిస్తే అమ్మ నవ్వేది. ఆ నవ్వు మా ఇద్దరి ఆస్తి అనుకున్నాను.

ఇప్పుడు ఊళ్ళో పశువుల కొట్టాలే లేవు. డ్రమ్ము తుక్కు కింద పోయింది, గుంత పూడ్చి కరివేపాకు వేశారు. ఇంటింటికీ సిలిండరు ఉంది, ఎవరి మంట ఎలా ఉందో ఎవరికీ పట్టదు. పొగ లేదు, మసి లేదు, నా గోళ్ళు ఎప్పుడో తెల్లబడ్డాయి. మంచిదే. కానీ ఒకరి పొయ్యి చూసి ఇంకొకరి కడుపు మండిన ఆ రోజుల్లో, పక్కింట్లో ఏ పూట ఏం వండారో, ఎవరు తినలేదో కూడా తెలిసేది. నేనుండే అపార్టుమెంటులో ఎదురింటివాళ్ళను చూసి కుళ్ళుకుందామన్నా వాళ్ళ తలుపు తెరిచి ఉండదు.

"ఈ గ్లాసు ఇక్కడెందుకుంది చిన్నమ్మా?" అని అడిగాను.

చిన్నమ్మ టీ గిన్నె పొయ్యి మీద పెడుతూ నా వైపు వింతగా చూసింది. "మీ అమ్మది ఈడ గాక ఏడుంటది బిడ్డా?"

ఫినాయిలు మాట అన్న సాయంత్రమే అమ్మ పచ్చి కూర గిన్నె పట్టుకుని ఆ వంటింట్లోకి వచ్చిందట. "పెండ నాది, తోడు నాది. ఇగ పొయ్యి గూడ నాదే, జరుగు" అన్నదట. చిన్నమ్మ జరిగిందట. ఆ రోజు మొదలు ప్రతి సాయంత్రం ఇద్దరూ ఆ పొయ్యి ముందే. అన్నం ఈమెది, కూర ఆమెది, మధ్యలో టీ. గ్యాసు పోయి సిలిండరు వచ్చినా అమ్మ అలవాటు మారలేదు. నేను కొన్న పొయ్యి మీద వండింది నేను వెళ్ళిన రోజుల్లోనే. నడవలేని చివరి నెలల్లో కూడా గోడ పట్టుకుని వచ్చి, ఆ పీట మీద కూర్చుని, ఆ గ్లాసులో టీ తాగి వెళ్ళేదట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అడిగిన. నువ్వొచ్చినప్పుడల్లా నన్ను తిట్టుకుంట, నా నడక నడుస్తుంటివంట గదా. పిల్లకు గదే సంబరం, ఎందుకు చెడగొట్టాలె అనేది."

ఇన్నేళ్ళూ నేను కాపలా కాసిన తగాదా నా ఒక్కదానిదే. అమ్మ సాయంత్రాలన్నీ, నేను లేని అన్నేళ్ళ మాటలన్నీ ఈ మనిషి దగ్గర ఉన్నాయి. పేడ మాది, తోడు మా హాస్టల్‌ది, అమ్మ నాది. పొయ్యి మాత్రం మళ్ళీ వాళ్ళదే.

"ఆ గ్లాసు నాకివ్వు చిన్నమ్మా" అన్నాను. గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

"ఇయ్యను. వేరే ఏదన్న తీస్కపో" అంది చిన్నమ్మ వెంటనే. టీ పొంగు చూసుకుంటూ అంది, "రాయి మీద పేరు నువ్వు కొట్టిచ్చుకో. ఈ పేరు నాకు ఉండనీ."

తర్వాత టీ దించి, వడగట్టి, అమ్మ గ్లాసులో తను పోసుకుంది. నాకు 'ఎస్తేరు' అని ఉన్న గ్లాసులో పోసి ఇచ్చింది.